రెండు వేళ్లు కిందికి

కొత్తవాడలో జంపఖానాల మగ్గాల పైన
నా గది.
ఏడింటికి కింద ఎల్లాద్రి మొదటి దెబ్బ కొడతాడు,
గోడ అదురుతుంది, బ్రష్‌ల డబ్బా గలగలమంటుంది.
తాళం తీసి లోపలికొచ్చి
ముందు ఏ బొమ్మనూ చూడను.
అన్నీ గోడకు మొహం పెట్టి నిలబడి ఉంటాయి.
టీ తాగి, చెప్పులు విడిచి
ఒక్కదాన్ని ఇటు తిప్పుతాను.

నిన్న సాయంత్రం ఇది అయిపోయింది.
సంతకానికి చోటు కూడా చూసి పెట్టుకున్నాను.
ట్యూబ్‌లైటు అబద్ధమాడింది.
తూర్పు కిటికీ వెలుగులో ఇప్పుడు
ఎరుపంతా డప్పు కొట్టి చాటింపు వేస్తున్నట్టుంది.

ఎనుమాముల మార్కెట్ యార్డు అది.
ఎవరికీ తెలియదు, తెలియనక్కర్లేదు.
ఫిబ్రవరిలో మిర్చి రాసుల మధ్య
తుమ్మి తుమ్మి కళ్లు మూసుకున్నప్పుడు
రెప్పల లోపల కనిపించిందే, ఆ ఎరుపు కావాలి నాకు.
కళ్లు తెరిస్తే కనిపించేది వద్దు.
అది ఫోటోలో వస్తుంది.

పుట్టీ బ్లేడు తీస్తాను.
గీకితే మొన్నటి బూడిద రంగు బయటపడుతుంది,
వడ్డేపల్లి చెరువు మీద నిలబడి
కురవకుండా పోయిన జులై మబ్బు.
దాని కింద, మూలకు, కాస్త పసుపు.
అది ఎప్పటిదో గుర్తు లేదు.
పెట్టింది నేనే,
నన్నే ఎవరు నువ్వని అడుగుతుంది.

పసుపును ఉంచాలా?
స్టూలు మీద కూర్చున్నాను, లేచాను,
కిటికీ దాకా వెళ్లి వెనక్కి నడిచాను,
చేతి అద్దంలో తిరగేసి చూశాను,
బొటనవేలితో మూసి చూశాను.
మూస్తే బొమ్మ చచ్చిపోతుంది.
తీస్తే పసుపు తప్ప ఏమీ కనిపించదు.
ఈలోగా కింది నుంచి లేచిన నూలు దుమ్ము
తడి రంగు మీద వాలింది.
చిమటతో ఏరడం రోజూ అరగంట పని.

కిందటి నెల ఉబుసుపోక దీన్ని
పాత ఇనప సామాన్ల కాంటా మీద పెట్టాను.
ఇంతే సైజు కొత్తది రెండు కిలోలు.
ఇది ఆరు తూగింది.
గీకగా గీకగా మిగిలిందే నాలుగు కిలోలు,
నేను వద్దనుకున్న పొద్దులు.
"ఏమున్నదక్కా లోపల?" అన్నాడు కాంటా పిల్లగాడు.

పన్నెండింటికి కరెంటు పోయింది.
ఎల్లాద్రి మెట్ల మీద దగ్గుకుంటూ పైకొచ్చాడు.
"ఇంక గదేనా అమ్మా? బతుకమ్మకు మొదలువెడితివి."
ఏ ఏటి బతుకమ్మో అనలేదు, నయం.
"తప్పు పోగు వడితె నేను గూడ ఇప్పుత.
నీ లెక్క దినాం ఇప్పితే
కూలి ఎవడిస్తడు నాకు?"
నవ్వాను. నాకూ ఎవడూ ఇవ్వడం లేదు.

గుట్టనా, చెరువా, ఏమిటిది అని అడగలేదతను.
చాలాసేపు చూశాడు.
గాలిలో వేలు అడ్డంగా లాగి
"గీ అంచు బరువైంది" అన్నాడు,
"అంత పైకి వోయి వడ్డది."
టిఫిన్ డబ్బా పట్టుకుని దిగిపోయాడు.

అంచు.
ఇరవయ్యేళ్లుగా నేను దాన్ని క్షితిజరేఖ అంటున్నాను.

నాలుగింటి దాకా అంచును కదిపాను.
రెండు వేళ్లు కిందికి.
చెప్పడానికి ఇంతే.
కానీ అంచు దిగితే ఆకాశం పెరిగింది,
పెరిగిన ఆకాశం ఉత్త చేతులతో నిలబడింది,
తెలుపులో ఇటుకపొడి రంగు కలిపి దానికిచ్చాను,
అది పక్కనున్న ఆకుపచ్చకు నీరసం తెచ్చింది,
ఆకుపచ్చను గీకితే
బట్ట తేలింది.
మూడేళ్ల కిందటి, మొదటి రోజు బట్ట.
దాని మీద బొగ్గుతో నేను గీసుకున్న అడ్డగీత,
సరిగ్గా ఇక్కడే,
రెండు వేళ్లు కింద.

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.
కిరోసిన్‌తో చేతులు కడుక్కున్నాను.
కింద దెబ్బల చప్పుడు ఆగింది,
ఎల్లాద్రి షట్టరు లాగుతున్నాడు.
బొమ్మను మళ్లీ గోడకు తిప్పాను.

పసుపు సంగతి రేపు.